కొంగు, అంచు, జాకెట్టు ముక్క: మూడు ఫొటోలూ ఒకే బొమ్మలో

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది అనంతపురం, పుట్టిల్లు ధర్మవరం. మా అన్నావాళ్లు నేసిన పట్టుచీరలను నేను వాట్సాప్‌లో అమ్ముతుంటాను. ఒక్కో చీరకు కొంగు, అంచు, బాడీ, జాకెట్టు ముక్క అంటూ ఐదారు ఫొటోలు పెడుతున్నాను. ఒకే రోజు పది చీరలు పెట్టేసరికి అంతా కలగాపులగమవుతోంది. ఒక చీర కొంగు చూసి, ఇంకో చీర అంచు కావాలని అడుగుతున్నారు. ఫోన్‌లో ఏదో యాప్‌తో ఫొటోలు కలిపితే మసకగా వస్తున్నాయి, పైగా మూలన ఆ యాప్ పేరు పడుతోంది. మా అబ్బాయి వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి ఇంట్లో ఉంది. విండోస్ 10 అట. ఫొటోషాప్ లేదు. డీటీపీ సెంటర్‌లో చీరకు ముప్పై రూపాయలు అడుగుతున్నారు. నేను పదో తరగతి వరకే చదివాను. ఫొటోషాప్ నేర్చుకోవాల్సిందేనా? దసరాకు స్టాల్ పెడదామని ఉంది, ఇవే బొమ్మలతో ఫ్లెక్సీ కూడా వేయించుకోవచ్చా?

– ఒక సోదరి, అనంతపురం

సమాధానం: చెల్లెమ్మా, ఫొటోషాప్ అక్కర్లేదు. మీ అబ్బాయి వదిలేసిన ఆ కంప్యూటర్‌లో పెయింట్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. 1985లో వచ్చిన మొట్టమొదటి విండోస్ నుంచీ అది అందులోనే ఉంది. చిన్నపిల్లలు గీతలు గీసుకునేదని చాలామంది దాని జోలికి పోరు. మీ పనికి అది సరిగ్గా సరిపోతుంది. చీరకు ముప్పై రూపాయల చొప్పున సెంటర్‌కు పోయాల్సిన పని లేదు. సెంటర్‌వాళ్లే ఫొటోషాప్ ఎక్కించి ఇస్తామంటే కూడా వద్దనండి. అసలు ఫొటోషాప్ నెలనెలా డబ్బు కట్టి వాడుకునేది. ఎవరో ఊరికే ఎక్కించి ఇచ్చేది దొంగ కాపీ, దాంతోపాటు వైరస్‌లూ వస్తాయి.

అయితే పెయింట్ తెరిచే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఏ ఫొటోలు పెట్టాలి, ఏ సైజులో పెట్టాలి. ఫొటోలు కలపడం అరగంటలో వచ్చేస్తుంది. ఈ రెండూ తేలకుండా మౌస్ పట్టుకుంటే మాత్రం రోజంతా జరపడం, చెరపడంతోనే సరిపోతుంది.

ముందు ఏ ఫొటోలో చూద్దాం. ఒక బొమ్మలో ఆరు పెట్టాలని చూడకండి. మీ బొమ్మను చూసేవాళ్లు అరచేతంత ఫోన్‌లో చూస్తారు. ఆరు పెడితే ఒక్కోటీ స్టాంపు బిళ్ల సైజుకు దిగిపోతుంది, జరీ పనితనం ఒక్క ముక్కా కనపడదు. నా సలహా మూడు. కొంగు పెద్దగా ఒకటి. బాడీ, అంచు రెండూ కలిసి కనపడేలా చీర మడత పెట్టి తీసింది ఒకటి. జాకెట్టు ముక్క ఒకటి. బాడీకి వేరుగా, అంచుకు వేరుగా ఫొటోలు ఎందుకు? కొనేవాళ్లకు కావాల్సింది ఆ రెండు రంగులూ పక్కపక్కన ఎలా ఉన్నాయన్నదే కదా. విడివిడిగా చూపిస్తే ఆ సంగతే తెలియదు. పూర్తి చీర పరిచిన ఫొటో మీ దగ్గర ఉంచుకోండి, అడిగినవాళ్లకు పంపొచ్చు.

ఇక సైజు. కంప్యూటర్ ఫొటోలను పిక్సెళ్లలో కొలుస్తుంది. పిక్సెల్ అంటే ఒక చిన్న రంగు చుక్క. 12 మెగాపిక్సెల్ ఫోన్ కెమెరాతో ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని తీసిన ఫొటోలో అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలు ఉంటాయి. దాన్ని మామూలుగా వాట్సాప్‌లో పంపితే, పొడవు వైపు సుమారు 1600 చుక్కలకు కుదించేస్తుంది. అలాంటప్పుడు మనం ఎనిమిది వేల చుక్కల బొమ్మ తయారుచేసి ఏం లాభం? వాట్సాప్ దాన్ని తన ఇష్టం వచ్చినట్టు నలిపేస్తుంది. మీ యాప్ ఫొటోలు మసకబారడానికి ఇదొక కారణం. ఉచిత యాప్‌లు చాలావరకు తయారైన బొమ్మను చిన్న సైజులోనే ఇవ్వడం ఇంకో కారణం. మీరు గ్రూపులో పెట్టిన ఫొటోనే మళ్లీ సేవ్ చేసి, దాన్నే యాప్‌లో వేసి, మళ్లీ గ్రూపులో పెడుతున్నారేమో కూడా చూసుకోండి. అలా అయితే ఒకే ఫొటో రెండు మూడుసార్లు నలిగినట్టు.

కాబట్టి మన బొమ్మ 1200 వెడల్పు, 1500 ఎత్తు పిక్సెళ్లలో చేద్దాం. నిలువుగా ఉంటుంది, ఫోన్ తెరకు బాగా అమరుతుంది. వాట్సాప్‌కు సైజు తగ్గించే అవసరం రాదు. కొంగు ఫొటో పైన, 1200 × 900. దాని కింద పక్కపక్కన రెండు, ఒక్కోటీ 600 × 450. అడుగున 150 ఎత్తు తెల్ల పట్టీ మిగులుతుంది, అందులో చీర నంబరు రాసుకోవచ్చు. 900, 450, 150 కూడితే 1500. ఈ లెక్క ఎందుకు పెట్టానంటే 4000 × 3000 ఫొటోను తగ్గిస్తే 1200 × 900 అవుతుంది, ఇంకా తగ్గిస్తే 600 × 450 అవుతుంది. ఏదీ సాగదు, ఏదీ కోసుకుపోదు.

దీనికి ఒక్కటే షరతు. మూడు ఫొటోలూ ఫోన్ అడ్డంగా పట్టుకునే తీయాలి. కెమెరా సెట్టింగ్స్‌లో కొలత 4:3 అని ఉండాలి. 16:9 లేదా ఫుల్ అని ఉంటే మార్చండి. చాలా ఫోన్లలో కెమెరా లోపలి సెన్సర్ 4:3 కొలతలోనే ఉంటుంది. మిగతావన్నీ దాన్ని పైనా కిందా కోసి ఇచ్చేవే.

ఫొటోలు తీయడం గురించి మీరు అడగలేదు. కానీ చెప్పక తప్పదు. విడివిడిగా చూసినప్పుడు కనపడని లోపాలు మూడింటినీ ఒకచోట పెట్టగానే బయటపడతాయి. కొంగు ఫొటో పొద్దున వరండాలో తీసి, జాకెట్టు ముక్క రాత్రి ట్యూబ్‌లైటు కింద తీశారనుకోండి. రెండూ పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు చీరల్లా కనపడతాయి. ‘జాకెట్టు రంగు కలవలేదేంటక్కా?’ అని మెసేజ్ వస్తుంది. అందుకే మూడూ ఒకేచోట, ఒకే వెలుతురులో, వెంటవెంటనే తీయండి. మన అనంతపురంలో వెలుతురుకు కరువు లేదు, దాన్ని తప్పించుకోవడమే కష్టం. నేరుగా ఎండ పడితే జరీ మెరిసి తెల్లగా పేలిపోతుంది, పట్టు రంగు వెలిసినట్టు కనపడుతుంది. ఎండ నేరుగా పడని వరండాలోనో, కిటికీ పక్కనో పొద్దున పూట తీయండి. లోపల లైట్లు ఆర్పేయండి. కిటికీ వెలుతురు, లైటు వెలుతురు కలిస్తే ఏ రంగును నమ్మాలో కెమెరాకు తెలియదు. ఫ్లాష్ అసలే వద్దు.

ఇంకో తమాషా ఉంది. ఫ్రేమ్ నిండా ఎర్రటి కొంగే ఉంటే, ఫోన్ ఆ ఎరుపు ఎక్కువైందనుకుని తనంతట తానే రంగు సర్దేస్తుంది. అదే చీర బాడీ ఆకుపచ్చ అయితే అక్కడ ఇంకోలా సర్దుతుంది. దీనికి చవకైన మందు ఒక తెల్ల కాగితం. చీర పక్కన, ఫ్రేమ్‌లో ఒక మూలకు పడేలా పెట్టండి. తెలుపంటే ఏదో ఫోన్‌కు కాస్త ఆధారం దొరుకుతుంది. కాగితం మూడు ఫొటోల్లోనూ ఒకేలా తెల్లగా ఉందా లేదా అని చూస్తే రంగులు కలిశాయో లేదో మీకూ తెలిసిపోతుంది. ఆ కాగితం మీదే చీర నంబరు పెద్దగా రాయండి. పది చీరల ఫొటోలు ఒకేసారి కంప్యూటర్‌లోకి ఎక్కించినా ఏది ఏ చీరదో తడుముకోనక్కర్లేదు. మీ అసలు సమస్య సగం అక్కడే తీరుతుంది.

పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసే రెండు రంగుల చీరలకు ధర్మవరం పెట్టింది పేరని మీకు నేను చెప్పాలా? అలాంటి చీరను ఎదురుగా చూస్తే ఒక రంగు, పక్క నుంచి చూస్తే ఇంకో రంగు. దాన్ని పూర్తిగా చదునుగా పరిచి తీస్తే ఒక్క రంగే పడుతుంది. బాడీ ఫొటోలో రెండు మూడు మడతలు వదులుగా లేచి ఉండేలా పెట్టండి. మడత వంపులో రెండో రంగు తెలుస్తుంది. ఫొటో తీశాక ఫిల్టర్లు వేయకండి. రంగు కాస్త డల్‌గా ఉన్నా పర్వాలేదు, పార్సిల్ విప్పినప్పుడు ‘ఫొటోలో కంటే బాగుంది’ అన్నవాళ్లే మళ్లీ కొంటారు.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి వద్దాం. ఫొటోలను ఫోన్ నుంచి కేబుల్‌తో ఎక్కించండి. మీకు మీరే వాట్సాప్‌లో పంపుకుని దించుకోవద్దు, నలగడం అక్కడే మొదలవుతుంది. చీరకు ఒక ఫోల్డర్ చేసి, దానికి చీర నంబరే పేరు పెట్టండి. మీది ఐఫోన్ అయితే ఫొటోలు వేరే రకం ఫైలుగా వచ్చి పాత కంప్యూటర్‌లో తెరుచుకోకపోవచ్చు. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కు వెళ్లి ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే, అప్పటి నుంచి తీసేవి మామూలు జేపెగ్ ఫైళ్లుగా వస్తాయి.

మొదట ఒక్కో ఫొటోకూ చిన్న కాపీ చేయాలి. కొంగు ఫొటో మీద మౌస్ కుడి బటన్ నొక్కి, ఓపెన్ విత్‌లో పెయింట్ ఎంచుకోండి. తెరుచుకున్నాక కంట్రోల్ పట్టుకుని డబ్ల్యూ నొక్కండి. రీసైజ్ అనే చిన్న పెట్టె వస్తుంది. అందులో పర్సంటేజ్, పిక్సెల్స్ అని రెండుంటాయి, పిక్సెల్స్ ఎంచుకోండి. ‘మెయింటైన్ యాస్పెక్ట్ రేషియో’ అన్నచోట టిక్ ఉండాలి, తీసేయకండి. ఆ టిక్ పోతే కొంగు మీది నెమలి కొంగలా సాగిపోతుంది. హారిజాంటల్ అన్నచోట 1200 కొట్టండి. కింద వర్టికల్ దానంతట అదే 900కో, ఆ దగ్గరికో వస్తుంది. ఓకే అనండి.

ఇప్పుడు కంట్రోల్ ఎస్ మాత్రం నొక్కకండి. నొక్కితే అసలు ఫొటో మీదే చిన్న ఫొటో కూర్చుంటుంది, పెద్దది పోయినట్టే. పైవరుసలోని ఎఫ్12 నొక్కండి, సేవ్ యాజ్ వస్తుంది. కొత్త పేరు ఇవ్వండి, ‘127 కొంగు చిన్నది’ అన్నట్టు. కింద ఫైలు రకం పీఎన్‌జీ ఎంచుకోండి. జేపెగ్ ఫైలును మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కాస్త నాణ్యత పోతుంది, పీఎన్‌జీలో పోదు. పని నడుస్తున్నంతసేపూ పీఎన్‌జీ, పంపేటప్పుడు ఒక్కసారి జేపెగ్, అంతే. ఇదే పద్ధతిలో మిగతా రెండింటినీ 600 వెడల్పుకు తగ్గించి పెట్టుకోండి.

తర్వాత ఖాళీ కాగితం సిద్ధం చేయాలి. కంట్రోల్ ఎన్ కొడితే కొత్త బొమ్మ వస్తుంది. కంట్రోల్ ఇ నొక్కితే ప్రాపర్టీస్ తెరుచుకుంటుంది. యూనిట్స్‌లో పిక్సెల్స్ ఎంచుకుని, వెడల్పు 1200, ఎత్తు 1500 ఇవ్వండి. తెల్లటి నిలువు కాగితం వస్తుంది. చిన్న తెర మీద అది మొత్తం పట్టదు. కంట్రోల్ పట్టుకుని మౌస్ మధ్య చక్రం వెనక్కి తిప్పితే చిన్నదై పూర్తిగా కనపడుతుంది. కనపడటమే చిన్నది, బొమ్మ సైజు మారదు. వ్యూ అన్నచోట రూలర్స్ టిక్ పెడితే పైనా పక్కనా కొలబద్దలు వస్తాయి.

హోమ్‌లో పేస్ట్ బొమ్మ కింద చిన్న బాణం ఉంటుంది. అది నొక్కితే ‘పేస్ట్ ఫ్రమ్’ అని వస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది ఒక్కో ఫొటోనూ వేరే కిటికీలో తెరిచి, కాపీ చేసి, మళ్లీ ఇటొచ్చి తంటాలు పడతారు. పేస్ట్ ఫ్రమ్ నొక్కి, కొంగు చిన్న ఫైలును ఎంచుకోండి. అది నేరుగా పై ఎడమ మూలకు వచ్చి కూర్చుంటుంది. మనకు కావాల్సింది అక్కడే. దాని చుట్టూ చుక్కల గీత ఉన్నంతసేపు జరుపుకోవచ్చు. బయట ఎక్కడైనా ఒక్క క్లిక్ చేస్తే అతుక్కుపోతుంది.

రెండోదాన్ని కూడా అలాగే తెండి. అది కూడా అదే మూలకు, కొంగు మీదికే వచ్చి పడుతుంది. కంగారు పడొద్దు, బయట క్లిక్ చేయొద్దు. చుక్కల గీత లోపల మౌస్ పెట్టి, నొక్కి పట్టుకుని కిందికి లాగండి. పక్క కొలబద్దలో 900 దగ్గర దాని పై అంచు ఉండాలి. మౌస్‌తో సరిగ్గా కుదరకపోతే కీబోర్డు మీది బాణం గుర్తులు వాడండి, ఒక్కో నొక్కుకు కొద్దికొద్దిగా జరుగుతుంది. కుదిరాక బయట క్లిక్ చేయండి. మూడోది దాని పక్కన.

తొందరపడి ముందే క్లిక్ చేస్తే? వెంటనే కంట్రోల్ జెడ్. పెయింట్‌లో అతుక్కున్న ఫొటో నేతలో కలిసిపోయిన పోగులాంటిది, తర్వాత దాన్నొక్కదాన్నే పట్టి లాగలేరు. అందుకే ప్రతి ఫొటో కుదిరాక ఒకసారి సేవ్ చేసుకోవడం మంచిది. విండోస్ 11లోని కొత్త పెయింట్‌కు 2023 నుంచి లేయర్లు వచ్చాయి, అందులో ఒక్కో ఫొటోనూ ఒక్కో పొరలో ఉంచి ఎప్పుడైనా జరపొచ్చు. కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు చూసుకుందురు, ఇప్పుడు దాని కోసం టెన్షన్ వద్దు.

మీకు కచ్చితంగా తగలబోయే రాయి ఇంకొకటి ఉంది. చిన్న కాపీకి బదులు పొరపాటున పెద్ద ఫొటోనే పేస్ట్ చేస్తే, పెయింట్ ఏమీ చెప్పకుండా కాగితాన్నే పెద్దది చేసేస్తుంది. తెర మీద ఒక మూల జరీ తప్ప ఏమీ కనపడదు. అప్పుడు కూడా కంట్రోల్ జెడ్డే. కిటికీ అడుగున పట్టీలో బొమ్మ కొలత ఎప్పుడూ రాసి ఉంటుంది. అది 1200 × 1500 అని ఉందా లేదా అని మధ్యమధ్యలో ఒక చూపు వేయండి.

మీ ఫోన్ ఫొటో ఎత్తు సరిగ్గా 900 రాకుండా 918 లాంటి అంకె వస్తే లెక్క తప్పిందని బాధపడకండి. మీద పేస్ట్ చేసింది కిందున్నదాన్ని కప్పేస్తుంది. కాబట్టి పై నుంచి కిందికి వరుసగా పెట్టుకుంటూ వస్తే, ఎక్కువైన పద్దెనిమిది చుక్కలూ కింది ఫొటోల చాటుకు పోతాయి. కింది ఫొటోలు తెల్ల పట్టీలోకి కాస్త దిగితే, తెల్ల రంగు నింపిన ఒక దీర్ఘచతురస్రం అక్కడ గీస్తే సరి. మంచం కోళ్లు, పిల్లల చెప్పులు, మీ కాలి వేళ్లు లాంటివి ఫొటోలో పడి ఉంటే మాత్రం సెలెక్ట్ పరికరంతో కావాల్సినంత మేర గుర్తించి క్రాప్ చేయాల్సి వస్తుంది, అప్పుడు 4:3 కొలత చెడుతుంది. క్రాప్ చేశాకే వెడల్పు తగ్గించండి. ఎత్తు చాలకపోతే కాస్త తెలుపు మిగిలిపోతుంది, ప్రాణం మీదికేమీ రాదు. అసలు తీసేటప్పుడే కింద ఒక దుప్పటి పరిచి తీస్తే ఈ బాధ ఉండదు.

ఫొటోల మధ్య సందు కావాలనుకుంటే, మూడూ అతికించాక గీత పరికరం తీసుకుని, మందంగా ఉన్న గీత ఎంచుకుని, తెల్ల రంగుతో రెండు ఫొటోల కలయిక మీద గీయండి. షిఫ్ట్ పట్టుకుని లాగితే గీత వంకర పోదు. ఈ తెల్ల గీత ఉంటే కొంగు ఎక్కడ ముగిసిందో, అంచు ఎక్కడ మొదలైందో స్పష్టంగా తెలుస్తుంది. ముఖ్యంగా ఒకే రంగు చీరలకు ఇది చాలా అవసరం. పూల బోర్డర్లు, గుండె ఆకారాలు, రంగురంగుల వెనుకతెరలు మాత్రం వద్దు. ఎవరైనా చూడాల్సింది చీర అంచు కదా, బొమ్మ అంచు కాదు.

అడుగు పట్టీలో ఏం రాయాలి? చీర నంబరు, మీ పేరో షాపు పేరో. అంతే. టూల్స్‌లో ‘ఏ’ అక్షరం బొమ్మ నొక్కి, పట్టీలో గీసి టైప్ చేయండి. తెలుగులో కావాలంటే విండోస్ 10లో లాంగ్వేజ్ సెట్టింగ్స్‌కు వెళ్లి తెలుగు చేర్చుకోవచ్చు, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019 నుంచి అందులోనే వస్తోంది. అక్షరాలకు నిర్మలా అనే తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. బయట క్లిక్ చేయకముందే స్పెల్లింగ్ చూసుకోండి. అతుక్కున్నాక అక్షరాలు కూడా బొమ్మే, దిద్దడం కుదరదు.

ధర బొమ్మ మీద రాయకండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. మీ బొమ్మ గ్రూపు నుంచి గ్రూపుకు పాకుతుంది. ఆర్నెల్ల తర్వాత ఎవరో దాన్ని పంపి ‘ఇదే ధరకు ఇవ్వండి’ అంటారు. ఈలోపు పట్టు ధర, జరీ ధర ఎంత పెరిగి ఉంటాయో మీ అన్నను అడిగితే చెబుతాడు. ధర మెసేజ్‌లో కింద రాయండి, బొమ్మ మీద నంబరు చాలు. మీ పేరును కొంగు మధ్యలో పెద్దగా అడ్డంగా రాసుకోవడం కూడా నాకు నచ్చదు. ఫొటోలు ఎత్తుకుపోతారన్న భయం సబబే, కానీ దానివల్ల కొనేవాళ్లకే చీర కనపడకుండా పోతుంది. బాడీ ఫొటోలో ఒక మూల చిన్నగా రాయండి, చాలు.

సిల్క్ మార్క్ లేబుల్ ఫొటో కూడా నాలుగోదిగా కలపాలని మీకు అనిపించవచ్చు. కేంద్ర సిల్క్ బోర్డు తరఫున 2004లో మొదలైన ఆ గుర్తు చూస్తే కొనేవాళ్లకు ధైర్యం వస్తుంది, నిజమే. కానీ ఒక చీర లేబుల్‌ను ఒకసారి ఫొటో తీసి, అదే ముక్కను అన్ని చీరల బొమ్మల్లోనూ అతికించడం మాత్రం చేయొద్దు. పెయింట్‌లో అది చాలా తేలిక కాబట్టే ముందే చెబుతున్నాను. లేబుల్ ఏ చీరకు వేసింది ఆ చీరకే. అడిగినవాళ్లకు ఆ చీర లేబుల్ విడిగా తీసి పంపండి.

మొదటి బొమ్మ పూర్తయ్యాక ఎఫ్12 నొక్కి, ఈసారి జేపెగ్ రకంలో సేవ్ చేసి, అది ఫోన్‌లోకి పంపుకోండి. ఆ మొదటి పీఎన్‌జీ ఫైలును దాచిపెట్టుకోండి. రెండో చీరకు మళ్లీ ఖాళీ కాగితం నుంచి మొదలుపెట్టక్కర్లేదు. దాన్నే తెరిచి, మొదటే వేరే పేరుతో సేవ్ చేసి, కొత్త ఫొటోలను పాతవాటి మీద పెట్టేయండి. కొలతలు అవే కాబట్టి పాతవి పూర్తిగా మునిగిపోతాయి. చేయి తిరిగితే చీరకు ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఒక్క జాగ్రత్త, పాత నంబరును తెల్ల దీర్ఘచతురస్రంతో కప్పేసి కొత్త నంబరు రాయడం మరిచిపోవద్దు. మళ్లీ అదే కలగాపులగానికి వస్తారు.

పెయింట్ కాకుండా వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. ఇర్ఫాన్‌వ్యూ అనే చిన్న ప్రోగ్రామ్‌లో ఇమేజ్ మెనూలో ‘క్రియేట్ పనోరమా ఇమేజ్’ అని ఉంటుంది, ఎంచుకున్న ఫొటోలను వరసగా అడ్డంగానో నిలువుగానో ఒక్క నొక్కుతో కలిపేస్తుంది. చాలా బాగుంటుంది. కానీ అది ఉచితం సొంత వాడకానికే, వ్యాపారానికి వాడితే లైసెన్సు కొనాలి. మీది వ్యాపారం కాబట్టి మీకు అది ఉచితం కాదు. మీ కంప్యూటర్‌లో పవర్‌పాయింట్ ఉంటే అదీ పనికొస్తుంది, అందులో ఫొటోలు అతుక్కుపోవు, ఎప్పుడైనా జరుపుకోవచ్చు. స్లయిడ్ సైజు 12.5 అంగుళాల వెడల్పు, 15.625 అంగుళాల ఎత్తు పెట్టండి. పవర్‌పాయింట్ మామూలుగా అంగుళానికి 96 చుక్కల లెక్కన బొమ్మ ఇస్తుంది కాబట్టి అది సరిగ్గా 1200 × 1500 అవుతుంది. పవర్‌పాయింట్ లేకపోతే లిబ్రెఆఫీస్ ఉచితం, వ్యాపారానికి వాడినా ఎవరూ అడగరు. గింప్ కూడా ఉచితమే, ఫొటోషాప్ చేసే పనులు చాలావరకు చేస్తుంది, కానీ మీ అవసరానికి అంత బరువు ఎందుకు?

ఫోన్‌లోనే చేయాల్సి వస్తే గూగుల్ ఫొటోస్‌లో కొలాజ్ ఉంది. ఆరు ఫొటోల దాకా కలుపుతుంది, మూలన పేరు వేయదు. కాకపోతే తన గడుల కొలతకు తగ్గట్టు ఫొటోను కోసేస్తుంది. కోసేది సాధారణంగా అంచులే, చీరలో అంచు కోసేస్తే ఇంకేం మిగిలింది? ప్రయాణంలో ఉన్నప్పుడు తప్పదనుకుంటే వాడండి.

పంపేటప్పుడు ఒక మాట. కలిపిన బొమ్మను గ్రూపులో మామూలు ఫొటోగానే పెట్టండి. డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత చెక్కుచెదరదు గానీ, పెద్దవాళ్లు ఫైలు తెరుచుకుని చూడరు. చీర నచ్చి జరీ దగ్గరగా చూపించమని అడిగినవాళ్లకు మాత్రం అసలు పెద్ద ఫొటోను డాక్యుమెంట్‌గా పంపండి, వాళ్లు ఎంత పెద్దది చేసి చూసినా పోగులు కనపడతాయి.

చివరిగా ఫ్లెక్సీ సంగతి. ఈ బొమ్మలతో కుదరదు. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఆ లెక్కన మన 1200 × 1500 బొమ్మ నాలుగంగుళాలు, ఐదంగుళాల కార్డుకే సరిపోతుంది. చీరకు కట్టే ట్యాగుగా అయితే బాగుంటుంది, అలా వేయించుకోండి. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 100 చుక్కలు ఉన్నా నడుస్తుంది. అయినా మూడడుగుల వెడల్పుకు 3600, ఆరడుగుల ఎత్తుకు 7200 చుక్కలవుతాయి. అంత పెద్ద కాగితం మీద పాత కంప్యూటర్‌లో పెయింట్ నత్తలా నడుస్తుంది. ఆ పని ఫ్లెక్సీ షాపువాళ్లకే వదిలేయండి, ఆ ఖర్చు దండగ కాదు. మీరు చేయాల్సిందల్లా ఫోన్‌లో తీసిన అసలు పెద్ద ఫొటోలను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లడం. ఎఫ్12 నొక్కి వేరే పేరు పెట్టమని అంతగా చెప్పింది ఇందుకే. ఇరవై చీరలు ఎక్కించకండి, బాగా పోయే నాలుగు చాలు. అచ్చుకు ముందు ప్రూఫ్ చూపించమని అడగండి. తెర మీద కనపడే ఎరుపు ఫ్లెక్సీ మీద కాస్త ముదురుగానో వెలిసినట్టో రావచ్చు, కాబట్టి కుదిరితే ఒక చిన్న ముక్క అచ్చు తీయించి, చీరను పక్కన పెట్టి చూసుకోండి. ఫోన్ నంబరులో అంకెలు కూడా అప్పుడే ఒకసారి చదువుకోండి.